ఒకే గేటు దగ్గర రెండు జెండాలు: కలిసి చర్చలకు వెళ్లడం ఎలా?

ఒరగడం_ఆపరేటర్

అందరికీ నమస్కారం. మాది నాయుడుపేట. చెన్నై దగ్గర ఒరగడంలో కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ షాపులో పని. ఇక్కడ మనం ఎక్కువగా ఇంటి అద్దెలు, స్కూలు అడ్మిషన్ల గురించే మాట్లాడుకుంటాం. కానీ చెన్నైలో ఫ్యాక్టరీల్లో, సైట్లలో పనిచేసే తెలుగువాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారని తెలుసు, అందుకే అడుగుతున్నా.

మా దగ్గర రెండు యూనియన్లు. మూడేళ్ల వేతన ఒప్పందం గడువు ఎప్పుడో అయిపోయింది. ఒక యూనియన్ డిమాండ్ల పత్రం ఇస్తే మేనేజ్‌మెంట్ "మీకు మెజారిటీ లేదు" అంటుంది. రెండోది వెళ్తే "ముందు మీలో మీరు తేల్చుకుని రండి" అంటుంది. ఈలోగా జీతం పాతదే. క్యాంటీన్‌లో రెండు యూనియన్ల వాళ్లూ వేర్వేరు బల్లల దగ్గర కూర్చుంటున్నారు. ఒక ఊరివాళ్లం, ఒకే బస్సులో వచ్చేవాళ్లం కూడా.

ఇంకొకటి. మాకు నీలం యూనిఫాం, కాంట్రాక్టు వాళ్లకు బూడిద రంగు. నేను షీటు పెడితే అచ్చు పడ్డ ముక్కను అవతలి వైపు నుంచి తీసే అబ్బాయిది బూడిద చొక్కా. ఇద్దరం ఒకే ప్రెస్ మీద, ఒకే షిఫ్ట్. అతనికి నా జీతంలో సగం కూడా రాదు. రెండు యూనియన్లలో దేనిలోనూ అతనికి చోటు లేదు.

2023లో 12 గంటల బిల్లు వచ్చినప్పుడు అన్ని రంగుల జెండాలూ ఒకేచోట చూశాను. రాష్ట్రం మొత్తం మీద కుదిరింది మా ఒక్క గేటు దగ్గర ఎందుకు కుదరదు? తెలిసినవాళ్లు చెప్పండి.

టీనగర్_సేల్స్

అన్నా, ఆ 12 గంటల గొడవ ఏంటో నాకు సరిగ్గా తెలీదు. మేం షాపులో ఎలాగూ పదకొండు, పన్నెండు గంటలు ఉంటాం.

ఎగ్మోర్_వకీలు

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు 2023 సంగతే చెప్పుకోవాలి. టీనగర్ చెల్లెమ్మకూ తెలుస్తుంది.

ఆ ఏడాది ఏప్రిల్ 21న ఫ్యాక్టరీల చట్టానికి 65ఎ అనే కొత్త సెక్షన్ చేర్చే బిల్లు తమిళనాడు శాసనసభలో మూజువాణి ఓటుతో పాసైంది. పనిగంటలు, మధ్యలో విరామం, ఓవర్‌టైమ్... వీటికి చట్టం పెట్టిన హద్దుల నుంచి ఫ్యాక్టరీలకు మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి వస్తుంది. వారానికి 48 గంటలు దాటవు, నాలుగు రోజులు పన్నెండేసి గంటలు చేసి మూడు రోజులు సెలవు తీసుకోవచ్చు అని చెప్పారు. ఒరగడంలో పనిచేసేవాడికి ఆ పన్నెండు గంటలకు బస్సు ప్రయాణం కలిపితే ఇంట్లో మిగిలేది నిద్ర మాత్రమే.

ప్రభుత్వానికి మిత్రపక్షాలైన కాంగ్రెస్, సీపీఐ, సీపీఎం, వీసీకే సభ్యులే వాకౌట్ చేశారు. బయట సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, హెచ్‌ఎంఎస్ లాంటి కార్మిక సంఘాలు ఒక్కటయ్యాయి. అన్నిటికంటే ముఖ్యం, అప్పటి అధికార పార్టీ డీఎంకే సొంత కార్మిక సంఘం ఎల్‌పీఎఫ్ కూడా బిల్లుకు ఎదురుతిరిగింది. మే 12న సమ్మె అన్నారు. ఏప్రిల్ 24న మంత్రులు యూనియన్లను పిలిచి మాట్లాడారు, ఆరోజే బిల్లు నిలిపేస్తున్నామని ముఖ్యమంత్రి ప్రకటించారు. మే 1న చింతాద్రిపేటలోని మే డే పార్కులో పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు. పాసైన పదోరోజుకు బిల్లు లేదు.

నా లెక్కలో ఎల్‌పీఎఫ్ నిలబడటమే దెబ్బ. ప్రతిపక్షాల సంఘాలు అరిస్తే రాజకీయం అని తోసేయొచ్చు. సొంత సంఘం వద్దంటే ఏమని తోసేస్తారు?

ఇక మీ గేటు సంగతి. అక్కడ అడిగేది ఒక్కటే: బిల్లు తీసెయ్. వేతన ఒప్పందం అలా కాదు. ఎవరు సంతకం పెడితే వాళ్ల సభ్యత్వం పెరుగుతుంది. అందుకే రాష్ట్రస్థాయిలో ఒకే వేదికెక్కిన నాయకులు కూడా గేటు దగ్గరికొచ్చేసరికి ఎదురెదురు నిలబడతారు. చట్టం విషయం మళ్లీ రాస్తాను, కోర్టుకు టైమైంది.

హోసూరు_బాట

అదే 2023లో, ఫిబ్రవరిలో, కర్ణాటకలో కూడా ఇలాంటి సవరణే అసెంబ్లీలో పాసైంది. రోజుకు 12 గంటల వరకు పని, ఆడవాళ్లకు రాత్రి షిఫ్ట్. అక్కడా యూనియన్లు వద్దన్నాయి, ధర్నాలు చేశాయి. చట్టం మాత్రం ఆగలేదు. నేను హోసూరులో ఉంటూ బొమ్మసంద్రకు వెళ్లి పనిచేస్తాను కాబట్టి రెండూ చూశాను. సరిహద్దుకు ఇటు ఒక చట్టం, అటు ఇంకో చట్టం. వకీలమ్మ చెప్పింది నిజమే, అక్కడ ప్రభుత్వం లోపల నుంచి వద్దనే గొంతు అంత గట్టిగా రాలేదు.

హెచ్ఆర్_శ్రీపెరుంబుదూరు

కంపెనీ వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. చర్చలకు ఎదురుగా ఒకే సంఘం ఉంటే మాకే సుఖం. ఇద్దరుంటే ఒకరికి ఒప్పుకున్నది ఇంకొకరు చాలదంటారు, వంద ఎక్కువ అడుగుతారు, ఒప్పందం ఎప్పటికీ తెమలదు. అన్ని కంపెనీలూ కావాలని విడదీస్తున్నాయని అనుకోవద్దు. ఇంకో సంగతి, ఈ జెండాలన్నీ పార్టీలవే. మన ప్రాంతంలో నోకియా మూతపడినప్పుడు ఎన్ని వేల మంది ఇంటికి వెళ్లారో గుర్తుండే ఉంటుంది. గొడవలు ఎక్కువైతే పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుంది, మన శ్రీసిటీకే పోతుంది.

పెరంబూరు_పెద్దాయన

హెచ్ఆర్ గారూ, నోకియా 2014 నవంబరు 1న ఉత్పత్తి ఆపింది. ఆదాయపు పన్ను వివాదంలో ఆ ఫ్యాక్టరీ ఆస్తులు స్తంభించిపోయి, మైక్రోసాఫ్ట్ కొన్న వ్యాపారంలోకి అది చేరలేదు. తర్వాత ఆర్డర్లు ఆగిపోయాయి. దాన్ని యూనియన్ ఖాతాలో రాయడం న్యాయం కాదు. అక్కడి కార్మికులు చివరిదాకా ఫ్యాక్టరీ నడపమనే అడిగారు.

పార్టీల జెండాలు అన్నారు. ఆ మాట కొంత నిజం. కానీ ఈ ఊళ్లో సంఘం పుట్టింది పార్టీ ఆఫీసులో కాదు. మా తాత పెరంబూరు బి అండ్ సి (బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్) మిల్లులో నేతపని చేశాడు. మిల్లు దగ్గర దుకాణం నడిపే జి.సెల్వపతి చెట్టియార్, జి.రామానుజులు నాయుడు అనే ఇద్దరు కార్మికుల గోడు వింటూ ఉండేవారు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే సమయం చాలడం లేదన్నది మొదటి గోడుల్లో ఒకటి. వాళ్లు వెళ్లి హోం రూల్ ఉద్యమ నాయకుడు బి.పి.వాడియాను పిలుచుకొచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. దేశంలో పద్ధతిగా నడిచిన మొదటి కార్మిక సంఘం అదే. తర్వాత తిరు.వి.కల్యాణసుందరం గారు నడిపారు.

1920లో ఆ మిల్లు నడిపే బిన్నీ కంపెనీ సంఘం నాయకుల మీద మద్రాసు హైకోర్టులో నష్టపరిహారం దావా వేసింది. కార్మికులను కూడగట్టడమే నేరం అన్నట్టు. ఆ కేసు చూశాకే కార్మిక నాయకుడు ఎన్.ఎం.జోషీ లాంటివాళ్లు చట్టరక్షణ కావాలని కేంద్ర శాసనసభలో పట్టుబట్టారు, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఇవాళ దేశంలో ఎవరు సంఘం రిజిస్టర్ చేసుకున్నా ఆ దారి పెరంబూరు నుంచి మొదలైందే.

ఇక ఆపరేటర్ బాబూ, నీ ప్రశ్నకు దగ్గరగా వచ్చేది 1921. ఆ ఏడాది బి అండ్ సిలో పెద్ద సమ్మె. నెలలు నడిచింది. కులహిందువులు, ముస్లింలు బయట ఉంటే ఆది ద్రావిడ (దళిత) కార్మికుల్లో చాలామంది లోపలికి వెళ్లారు. దాంతో మిల్లు దగ్గరి పుళియంతోపులో వాళ్ల ఇళ్లు తగలబడ్డాయి, ఆగస్టు 29న పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. అక్టోబరుకి సమ్మె ఓడిపోయింది. మిల్లు యజమాని కంటే ముందు కార్మికులే ఒకరినొకరు ఓడించుకున్నారు అనేవాడు మా తాత.

పుళియంతోపు_బిడ్డ

పెద్దాయన గారూ, మీరంటే గౌరవం. కానీ 1921 గురించి మా వీధిలో చెప్పుకునేది వేరు. లోపలికి వెళ్లినవాళ్లను సమ్మె ద్రోహులు అని రాసేస్తారు. వాళ్లు ఎందుకు వెళ్లారు? సమ్మె పెట్టేటప్పుడు వాళ్లను ఎవరు అడిగారు? వారం కూలి రాకపోతే తిండి లేని ఇల్లు, ఊళ్లో నాలుగు గింజలు దాచుకున్న ఇల్లు ఒకటి కాదు. పనిలో పక్కన నిలబెట్టి, నీళ్ల దగ్గర దూరం పెట్టి, సమ్మె వచ్చేసరికి అందరం ఒకటే అంటే ఎలా నమ్ముతారు? తగలబడిన ఇళ్లు మావి.

మా తాతలు నెల్లూరు జిల్లా నుంచి వచ్చి మద్రాసు కార్పొరేషన్‌లో ఊడ్చే పనిలో చేరారు. ఇప్పటికీ చెన్నై పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే మా కుటుంబాలు చాలా. మా అమ్మ 2025 ఆగస్టులో కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు కూర్చుంది. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల చెత్త పని ప్రైవేటు వాళ్లకు ఇవ్వొద్దు, మమ్మల్ని పర్మనెంట్ చేయండి అని. ఆగస్టు 1న మొదలైంది. ఎక్కువమంది ఆడవాళ్లు. వానకు తడిశారు, ఫుట్‌పాత్ మీదే పడుకున్నారు. 13వ తేదీ రాత్రి పోలీసులు వచ్చి బస్సుల్లో ఎక్కించుకుపోయారు. మా అమ్మ చేతి గాజులు ఆ తోపులాటలో పగిలాయి. మణికట్టు మీద గీతలు చాలా రోజులు మానలేదు.

మద్దతు చెప్పడానికి నాయకులు వచ్చారు, మాట్లాడారు, వెళ్లారు. 12 గంటల బిల్లు మీద రాష్ట్రం మొత్తం సమ్మె అన్న సంఘాలు, మా కోసం ఒక్క షిఫ్ట్ ఆపినట్టు నాకు తెలిసి లేదు. సంఘాలు కలవాలి అంటే నేనూ కలవాలనే అంటాను. ఎవరెవరిని కలుపుకుంటున్నారు అన్నదే నా ప్రశ్న. ఆపరేటర్ అన్న రాసిన బూడిద చొక్కా అబ్బాయి గురించి ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు.

పెరంబూరు_పెద్దాయన

అమ్మా, నువ్వు చెప్పింది కాదనను. మా తాత చెప్పింది ఒక వైపు మాటే. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

తెలుగు_టీచరమ్మ

నేను ప్రభుత్వ స్కూల్లో తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మాకు జాక్టో-జియో ఉంది: ఉపాధ్యాయ సంఘాలన్నీ ఒక గొడుగు, ప్రభుత్వోద్యోగుల సంఘాలన్నీ ఒక గొడుగు, రెండూ కలిస్తే అది. ఏ సంఘం దాని పేరు, జెండా, చందా అలాగే ఉంచుకుంటుంది. సమ్మె, చర్చలు మాత్రం కలిసి.

2003 జూలైలో పింఛను, ఇతర సౌకర్యాల కోత మీద సమ్మె చేశాం. ప్రభుత్వం ఎస్మా తరహా చట్టం తెచ్చి దాదాపు 1.7 లక్షల మందిని ఒక్క దెబ్బకు డిస్మిస్ చేసింది. రాత్రికి రాత్రి నాయకుల అరెస్టులు. మా వీధిలో భార్యాభర్తలిద్దరూ టీచర్లు, ఇద్దరికీ ఉద్యోగం పోయింది. సుప్రీంకోర్టుకు వెళ్తే, ఆగస్టు 6న తీర్పు: ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదు. చాలామందిని తిరిగి తీసుకున్నారు, కానీ క్షమాపణ రాయించుకుని. ఆ కాగితం మీద సంతకం పెడుతుంటే చేయి వణికింది నాకు.

ఇంత దెబ్బ తిన్నాక కూడా సంఘాలు విడిపోలేదు. 2019 జనవరిలో మళ్లీ అదే వేదిక మీద నుంచి పాత పింఛను కోసం సమ్మె చేశాయి. ఒక్క సంఘంగా విలీనం అయిపోదాం అని ఎవరైనా అంటే మాలో సగం మంది వెళ్లిపోయేవాళ్లు. ఎవరి జెండా వాళ్లదే, కాగితం మాత్రం ఒకటే. ఆపరేటర్ బాబూ, మీరు కూడా అలా ఆలోచించండి.

ఒరగడం_ఆపరేటర్

టీచర్ గారూ, చాలా సంతోషం. పుళియంతోపు అక్కా, మీరు రాసింది మా బ్రేక్ టైంలో నలుగురికి చదివి వినిపించాను. అవతలి యూనియన్ అతను కూడా ఉన్నాడు. తను ఏమీ అనలేదు కానీ తర్వాత వచ్చి ఫార్వర్డ్ చేయమన్నాడు.

వకీల్ మేడం, చట్టం ఏమంటుందో చెప్తానన్నారు.

ఎగ్మోర్_వకీలు

చెప్తాను, కాస్త పెద్దదే.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మీకు సంబంధించింది పారిశ్రామిక సంబంధాల కోడ్. అంతకుముందు తమిళనాడులో యాజమాన్యం ఏదో ఒక సంఘాన్ని గుర్తించి తీరాలనే చట్టమే లేదు. మహారాష్ట్రలో 1971 నుంచి ఉంది, మనకు లేదు. ఇప్పుడు కోడ్ ఏమంటుందంటే, ఒక ఫ్యాక్టరీలో ఒకటికి మించి సంఘాలుంటే మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం ఏ సంఘానికి ఉంటే అదే చర్చల సంఘం. ఎవరికీ 51 లేకపోతే చర్చల మండలి. 20 శాతం తగ్గకుండా సభ్యులున్న ప్రతి సంఘానికీ అందులో చోటు, ప్రతి 20 శాతానికి ఒక ప్రతినిధి.

తమ్ముడూ, "మీలో మీరు తేల్చుకుని రండి" అనే మాటకు ఇదే జవాబు. రెండు సంఘాలూ కలిసి ఒకే లేఖ రాయండి: మాలో ఎవరికీ 51 లేదు, మండలిగా పిలవండి. సభ్యత్వ రిజిస్టర్లు రెండూ సరిచూసుకున్నాకే రాయండి, ఒకే పేరు రెండింటిలోనూ ఉంటే అక్కడే పట్టుకుంటారు.

రెండో సంగతి సంతకం గురించి. యాజమాన్యం ఒక సంఘంతో పక్కన కూర్చుని చేసుకునే ఒప్పందం, పాత చట్టంలో 18(1) అనేవాళ్లం, సంతకం పెట్టినవాళ్లకే వర్తిస్తుంది. లేబర్ ఆఫీసర్ ఎదుట రాజీ చర్చల్లో చేసుకునే 12(3) ఒప్పందం అందరికీ వర్తిస్తుంది, రేపు చేరబోయేవాళ్లతో సహా. కొత్త కోడ్‌లోనూ ఈ తేడా పోలేదు. చీలిక తేవాలనుకునే యాజమాన్యం ఎప్పుడూ మొదటి రకానికే పిలుస్తుంది. శామ్‌సంగ్ సమ్మెలో ఏమైందో గుర్తుందా? 2024 సెప్టెంబరు 9న సుంగువార్‌ఛత్రం దగ్గర సమ్మె మొదలైంది. అక్టోబరులో సంఘంతో సంబంధం లేని కొందరు కార్మికులతో ఒప్పందం అయిందని ప్రకటించారు. సమ్మెలో ఉన్నవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి అదే నెల మధ్యలో సమ్మె ముగిసింది. సంఘం రిజిస్ట్రేషన్‌కు, సంఘం పేరులో కంపెనీ పేరు ఉండకూడదన్న అభ్యంతరం కూడా అడ్డొచ్చింది. హైకోర్టుదాకా వెళ్లాక 2025 జనవరిలో రిజిస్టర్ అయింది.

జాగ్రత్త పడాల్సినవి కూడా ఉన్నాయి. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇప్పుడు అన్ని ఫ్యాక్టరీలకూ తప్పనిసరి. సగం మంది గానీ అంతకుమించి గానీ ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే దాన్నీ సమ్మెగానే లెక్కేస్తారు. అంతకుముందు వంద మంది కార్మికులున్న ఫ్యాక్టరీ లేఆఫ్‌కు (పని లేదని తాత్కాలికంగా ఆపడానికి), మూసివేతకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ హద్దు 300కు పెరిగింది. మీ పర్మనెంట్ సంఖ్య ఎంతో చూసుకోండి.

హెచ్ఆర్_శ్రీపెరుంబుదూరు

వకీల్ గారు రాసిన మండలి విషయం సరైనదే. నా అనుభవంలో ఉమ్మడి లేఖ వస్తే ఏ హెచ్ఆర్ అయినా పక్కన పెట్టలేడు, పైకి పంపాల్సిందే. ఒక్కటి మాత్రం చెప్తాను, లేఖలో అంకెలు వాస్తవంగా ఉండాలి. కావలసినదానికి మూడింతలు అడిగి బేరానికి కూర్చుంటే ఎవరూ నమ్మరు.

పెరంబూరు_పెద్దాయన

అంకెలకు ఆధారం ఉంది సార్. 1957 భారత కార్మిక సదస్సు ఒక లెక్క కట్టింది. కుటుంబంలో తినేవాళ్లను మూడు యూనిట్లుగా లెక్కేసి, ఒక్కో యూనిట్‌కు 2,700 కేలరీల తిండి, ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, మొత్తంలో 20 శాతం వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు. తర్వాత 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు దానికి ఇంకో 25 శాతం కలపమంది: పిల్లల చదువు, వైద్యం, పండుగలు, పెళ్లిళ్లు, ముసలితనం. ఆ కేసు నడిపింది మన మద్రాసు ఫ్యాక్టరీ కార్మికులే. ఒరగడంలో ఇవాళ్టి ధరలకు ఆ లెక్క కట్టి చూడండి, ఎవరూ మూడింతలు అనలేరు.

మన వి.వి.గిరి గారు 1937లో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రిగా ఉన్నప్పటి నుంచి ఒకటే చెప్పేవారు, కోర్టులూ ట్రిబ్యునళ్లూ తర్వాత, ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోండి అని. ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వేలో సంఘం నడిపిన మనిషి. ఎదురెదురుగా కూర్చోవాలంటే ఇటువైపు బలం ఉండాలి అని ఆయనకు తెలుసు. తీర్పు చెప్పే జడ్జి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే సంఘం బలహీనపడుతుందని ఆయన భయం.

విజయనగరం_మేస్త్రి

నమస్తే అండి. నేను ఓఎంఆర్ వైపు సెంట్రింగ్ పని చేయిస్తాను. మా జిల్లాల వాళ్లు చాలామంది ఈ పనుల్లోనే ఉన్నారు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల బిల్డింగు కూలి 61 మంది పోయారు, వాళ్లలో మా విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు ఎందరో. మా పక్క ఊరికి శవాలు వచ్చిన రోజు నాకింకా కళ్లముందుంది.

మాకు రెండు యూనియన్ల బాధ లేదు, ఒక్కటీ లేదు. ఈ రాష్ట్రంలో భవన కార్మికుల సంక్షేమ బోర్డు 1994లోనే వచ్చిందంటారు, అది కూడా సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడితేనే అంట. ఏడాదిలో 90 రోజులు పని చేసినవాడు నమోదు చేసుకోవచ్చని చట్టం. మా వాళ్లకు ఆ తొంభై రోజులు రాసిచ్చేవాడు దొరకడు. పని ఇచ్చినవాడు సంతకం పెట్టడు, సంఘం సంతకం పెడితే చెల్లుతుంది, సంఘంలో మాకు తెలిసినవాళ్లు ఉండరు. వచ్చే మీటింగులన్నీ తమిళంలో. మావాళ్లు వెనక నిలబడి టీ తాగి వచ్చేస్తారు.

పుళియంతోపు_బిడ్డ

మేస్త్రి అన్నా, మీరు నమోదు కోసం తిరుగుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. మా వైపు భవన కార్మికుల సంఘంలో తెలుగు మాట్లాడే అక్కలున్నారు. ఫారం నింపి పెడతారు, డబ్బులు అడగరు.

టీనగర్_సేల్స్

మా షాపుల్లో కూర్చునే హక్కు 2021లో చట్టంగా వచ్చింది కదా, స్టూలు వేయాలని. స్టూలు వేశారు. దాని మీద చీరల కట్టలు పెట్టారు. కస్టమర్ లేనప్పుడు కూర్చుంటే ఫ్లోర్ ఇన్‌ఛార్జి చూస్తాడు, అంతే, లేస్తాం. అడిగే సంఘం ఉంటే ఆ స్టూలు మీద మనిషి కూర్చునేది. మా లాంటి షాపువాళ్లకు ఎవరైనా ఉన్నారా?

ఎగ్మోర్_వకీలు

ఉన్నారమ్మా. పర్సనల్ మెసేజ్‌లో నంబరు ఇస్తాను. ఒక్కదానివే వెళ్లకు, మీ ఫ్లోర్‌లో ఇంకో ముగ్గురు, నలుగురు ఆడపిల్లలను తోడు తీసుకెళ్లు.

ఒరగడం_ఆపరేటర్

అప్‌డేట్. రెండు యూనియన్ల నుంచి ముగ్గురేసి చొప్పున కూర్చున్నాం, వాలాజాబాద్ రోడ్డులో ఒక టీకొట్టు వెనక. మొదటి గంట పాత గొడవలే. 2018లో ఇక్కడే యమహా, రాయల్ ఎన్‌ఫీల్డ్, మ్యోంగ్ షిన్ కార్మికులు ఒకే నెలలో సమ్మెలోకి దిగినప్పుడు ఎవరు ఎవరికి మద్దతుగా వెళ్లారు, ఎవరు వెళ్లలేదు అని. తర్వాత టీచర్ గారి మాట చెప్పాను, జెండాలు ఎవరివి వాళ్లవే, కాగితం ఒకటే. దాని మీద ఒప్పుకున్నారు. జీతం, నైట్ షిఫ్ట్ అలవెన్స్, బస్సు రూటు, మెడికల్... అన్నీ ఒక్కటయ్యాయి. చర్చలు లేబర్ ఆఫీసర్ ఎదుటే అన్నదీ రాశాం.

కాంట్రాక్టు వాళ్ల దగ్గర ఆగిపోయింది. మా యూనియన్ పెద్దాయనే అడ్డం పడ్డాడు. "వాళ్ల సంగతి ఎత్తితే మన పెంపు తగ్గుతుంది, ముందు మనది అవనీ" అన్నాడు. మనసుకు కష్టంగా ఉంది. ఏం చెప్పాలి ఆయనకు?

పుళియంతోపు_బిడ్డ

అన్నా, కార్పొరేషన్‌లో కూడా పర్మనెంట్ వాళ్లు ఉన్నారు. 2000లో మొదటిసారి కొన్ని జోన్లలో చెత్త పని ప్రైవేటుకు ఇచ్చినప్పుడు మా అమ్మమ్మ పర్మనెంట్. మనకేం కాదులే అనుకున్నారంట. ఆమె రిటైరయ్యాక ఆ పోస్టులో పర్మనెంట్ మనిషి రాలేదు. ప్రతి ఏడాదీ కొంతమంది రిటైరవుతూ వచ్చారు, వాళ్ల స్థానంలో కాంట్రాక్టు. మీ పెద్దాయనను ఒక్కటి అడగండి: మీ ప్రెస్ షాపులో చివరిసారి పర్మనెంట్‌గా తీసుకున్నది ఎవరిని, ఎప్పుడు?

ఎగ్మోర్_వకీలు

దీనికి తోడు చట్టం మాట ఒకటి. తమిళనాడులో 1981 నాటి పర్మనెంట్ హోదా చట్టం ఉంది. 24 నెలల్లో 480 రోజులు పనిచేసిన కార్మికుడిని పర్మనెంట్ చేయాలి. ఇంత స్పష్టంగా రోజుల లెక్క చెప్పే చట్టం మనకుండటం చిన్న విషయం కాదు. కాంట్రాక్టరు పేరు మార్చి, మధ్యలో బ్రేక్ చూపించి దాన్ని దాటేస్తుంటారు. అందుకే హాజరు లెక్క వాళ్ల దగ్గర ఉండాలి. గేటు పంచింగ్ వివరాలు, జీతం బ్యాంకులో పడిన మెసేజ్‌లు, ఈఎస్ఐ నంబరు... అన్నీ ఫొటో తీసి దాచుకోమనండి. ట్రైనీ, అప్రెంటిస్ అని రాసినవాళ్ల సంగతి వేరు, అప్రెంటిస్ చట్టం కిందివాళ్లను కోడ్ కార్మికులుగా లెక్కించదు.

డిమాండ్ పెద్దదిగా రాయలేకపోతే ఇలా రాయండి: "480 రోజులు నిండిన కాంట్రాక్టు కార్మికుల జాబితాను యాజమాన్యం మండలికి ఇవ్వాలి. ఒకే యంత్రం మీద ఒకే పని చేసేవారికి క్యాంటీన్, బస్సు, భద్రతా పరికరాలు ఒకేలా ఉండాలి." దీనివల్ల మీ పెద్దాయన పెంపు ఒక్క రూపాయి తగ్గదు. జాబితా బయటికొస్తే తర్వాతి అడుగు అక్కడి నుంచి వేయొచ్చు.

తెలుగు_టీచరమ్మ

మేడం, ఈ మాటలు తమిళంలో కూడా రాసి పెట్టండి, ఆ బాబు ప్రింట్ తీసుకుంటాడు. కావాలంటే నేను రాసిస్తాను.

ఒరగడం_ఆపరేటర్

టీచర్ గారూ, ఆ తమిళ కాగితం ఆరుగురం కూర్చుని చదివాం. పుళియంతోపు అక్క అడగమన్నది అడిగాను. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే పేరు చెప్పాడు, ప్రెస్ షాపులో చివరిగా పర్మనెంట్ అయింది ఆయన అల్లుడు. జాబితా డిమాండ్ ఏడో నంబరుగా పెట్టాం. ఆయనే ముందు సంతకం పెట్టాడు.

వచ్చే ఆదివారం రెండు యూనియన్లూ కలిసి జనరల్ బాడీ పెడుతున్నాం. కాంట్రాక్టు వాళ్లను కూడా రమ్మన్నాం, వెనక నిలబడటానికి కాదు, కుర్చీలు వేసి. ఒక్క ఇబ్బంది. వాళ్లలో సగం మందికి పైగా ఒడిశా కుర్రాళ్లు. తమిళం అంతంత మాత్రం. మైకులో ఏడు డిమాండ్లూ ఒడియాలో చెప్పగలిగినవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి.

విజయనగరం_మేస్త్రి

మా సైట్‌లో బరంపురం కుర్రాడు ఉన్నాడండి. ఒడియా, తెలుగు రెండూ బాగా మాట్లాడతాడు, తమిళం కూడా నేర్చుకున్నాడు. అడిగాను, వస్తానన్నాడు. కాగితం ముందే వాట్సాప్‌లో పంపండి, చదువుకుని వస్తాడు. బస్సు ఛార్జీ, భోజనం మీరు చూడండి. ఆ రోజు కూలి నేను ఇచ్చుకుంటాను.